ఉమ్మడి గోడ అవతలి దగ్గు

బరంపురం

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. టీ బడ్డీ దగ్గరి వాదన బాగా పట్టుకున్నావు. ‘పట్టణాల నిండా ఖాళీ ఇళ్లుంటే ఇంకా కట్టడమెందుకు?’ అంటాడొకాయన. ‘కట్టకపోతే అద్దెలు దిగేదెలా?’ అంటాడు ఇంకొకాయన. నువ్వు మొదటాయన పక్షం చేరి వ్యాసం ముగించేశావు. అక్కడే నాకు మనసు కష్టమైంది.

2011 జనగణన పట్టణాల్లో సుమారు 1.11 కోట్ల ఇళ్లు ఖాళీ అని తేల్చింది. మరుసటి ఏడు కేంద్రం నియమించిన నిపుణుల బృందం పట్టణాల్లో ఇళ్ల కొరత దాదాపు 1.88 కోట్లని చెప్పింది. వాదించేవాళ్లు చెరో అంకె పట్టుకుని కూర్చుంటారు. రాసేవాడు అంకెను విప్పి చూడాలి. ఆ కొరతలో దాదాపు 1.5 కోట్లు ఇరుకు కాపురాలవే. పెళ్లయిన జంటకు విడిగా గది లేకపోతే అదీ ఆ లెక్కలోకే వస్తుంది. వీధిలో నిలబడి చూస్తే ఆ కొరత కనబడదు, తలుపు తీయాలి. పైగా అందులో 95 శాతానికి మించి పేదవాళ్లదీ, చిన్న రాబడివాళ్లదీ. ఖాళీగా ఉన్న ఇల్లు వాళ్లకు అందే ధరలో, వాళ్లకు పని దొరికే చోట ఉందా? ఈ ప్రశ్న నీ వ్యాసంలో లేదు.

‘గోడ మందంగా కడితే చప్పుడు రాదు’ అన్న మాటనూ అలాగే నమ్మి రాసేశావు. నేను పెరిగింది వరుస ఇళ్ల వీధిలో. రెండిళ్లకూ ఒకటే మట్టిగోడ, మూరెడు మందం. అయినా పక్కింటి తాతగారు దగ్గితే మా ఇంట్లో అందరికీ మెలకువ వచ్చేది. గోడ దూలం దాకా వచ్చి ఆగిపోయింది. దానిపైన, పెంకుల కింద, బెత్తెడు సందు. అమ్మ నిచ్చెనెక్కి అందులో పాత గోనెసంచులు కుక్కింది. దగ్గు సన్నబడింది. వాళ్ల రోకటి పోటు మాత్రం ఏమీ తగ్గలేదు. గాలిలో వచ్చే చప్పుడుకు సందు చాలు. నేల మీద పడ్డ దెబ్బ నేలలోంచి, గోడలోంచి నడిచి వస్తుంది. చప్పుడును డెసిబెల్లలో కొలుస్తారు. గోడ బరువు రెట్టింపు చేసినా తగ్గేది సుమారు 6 డెసిబెల్లే. చెవికి చప్పుడు సగమైందనిపించాలంటే 10 దాకా తగ్గాలి.

ఊరు సద్దుమణిగినందుకే రాత్రి రైలు కూత దగ్గరగా వినబడుతుందనీ రాశావు. అదొక్కటే కారణం కాదు. నేల చల్లబడి పైగాలి వెచ్చగా ఉంటే, పైకి పోయే శబ్దం కిందికి వంగుతుంది. ఆ వాక్యమూ సరిచూసుకో.

మీ ఊళ్లోనే బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు సవర భాషను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, మాట్లాడేవాళ్ల నోట విని నేర్చుకున్నారు. నీకూ ఆ చెవి ఉంది. దాన్ని టీ బడ్డీ దగ్గరే ఆపేయకు. ఆ మొదటాయన ఇల్లు ఎక్కడో కనుక్కో. ఎన్ని గదులు, ఎంతమంది, రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారు, అడుగు. గోడ పైకంటా ఉందో లేదో తలెత్తి చూడు. తర్వాత మళ్లీ రాసి పంపు, ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు. దసరాకు బరంపురం వస్తే మా పాత వీధికి తీసుకెళ్తాను. అలాంటి గోడ అక్కడ ఇంకొకటి మిగిలి ఉంది.

మీ అన్నయ్య