బుల్‌పెన్ క్యాచర్ అవుతానంటున్నాడు మా అబ్బాయి

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి పదకొండో గ్రేడ్. స్కూల్ బేస్‌బాల్ జట్టులో క్యాచర్. బంతి బాగా పడతాడు కానీ బ్యాటింగ్ అంతంత మాత్రమేనని కోచ్ చెప్పారు. ప్లేయర్‌గా పైకి వెళ్లలేకపోతే, అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో బుల్‌పెన్ క్యాచర్‌గా చేరతానంటున్నాడు. కంప్యూటర్ సైన్స్ మాటెత్తితే మొహం ముడుచుకుంటున్నాడు. వాళ్ల నాన్నేమో ‘బంతులు పట్టి ఇవ్వడం కూడా ఒక ఉద్యోగమేనా?’ అని కోప్పడుతున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: ముందు మీవారి ప్రశ్నకు జవాబు చెప్తాను. ఉద్యోగమేనమ్మా. జీతం, యూనిఫాం, జట్టుతో పాటు ప్రయాణాలు అన్నీ ఉన్న ఉద్యోగమే. అయితే మేజర్ లీగ్‌లో ఉన్నవి 30 జట్లు. ఒక్కో జట్టుకు ఈ పని చేసేవాళ్లు సాధారణంగా ఇద్దరు. అంటే అంతా కలిపి అరవై చిల్లర కుర్చీలు. వాటిలో కూర్చున్నవాళ్లు అంత తేలిగ్గా లేవరు. మీ బాబుతో మాట్లాడేటప్పుడు ఈ లెక్క దగ్గర మొదలుపెట్టండి, ‘అదేం పని’ అనే దగ్గర కాదు.

పని ఏమిటో మీకూ తెలియాలి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఆట మధ్యలో మొదటి పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) అలసిపోయినా, తడబడినా అతని స్థానంలో రిలీవర్‌ను దింపుతారు. ఆ రిలీవర్లు చేయి వేడెక్కించుకునే చోటే బుల్‌పెన్. జట్టు కూర్చునే డగౌట్ నుంచి అక్కడికి ఫోన్ వస్తుంది, ఫలానా అతన్ని సిద్ధం చేయమని. అంతసేపూ కూర్చుని కబుర్లు చెబుతున్న మనిషి కొద్ది నిమిషాల్లో పూర్తి వేగం అందుకోవాలి. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి అతను విసిరే బంతులు గంటకు 150 కిలోమీటర్లు దాటి వస్తాయి. గొంతుకూర్చుని వాటిని పట్టేది బుల్‌పెన్ క్యాచర్. ఒక్కోసారి రిలీవర్ సిద్ధమయ్యాక మేనేజర్ మనసు మార్చుకుంటాడు. రిలీవర్ మళ్లీ కూర్చుంటాడు. రెండు ఇన్నింగ్స్ తర్వాత మళ్లీ ఫోన్.

ఇదంతా సాయంత్రం పని. అసలు పని మధ్యాహ్నమే మొదలవుతుంది. స్టార్టింగ్ పిచ్చర్లు ఒక మ్యాచ్‌కీ ఇంకో మ్యాచ్‌కీ మధ్య చేసే ప్రాక్టీసు, గాయం నుంచి కోలుకుంటున్నవాళ్ల విసుర్లు, కొత్త రకం బంతి విసరడం నేర్చుకునేవాళ్ల ప్రయోగాలు, అన్నీ ఈయన గ్లవ్‌లోకే వస్తాయి. బ్యాటింగ్ ప్రాక్టీసుకు బంతులు విసరడం, సామాను సర్దడం కూడా చాలా జట్లలో ఈయన నెత్తినే ఉంటాయి. భారత క్రికెట్ జట్టులో త్రోడౌన్ స్పెషలిస్ట్ రఘు ఉన్నారు కదా, నెట్స్‌లో సైడ్‌ఆర్మ్ అనే పరికరంతో మన బ్యాటర్లకు బంతులు విసిరే ఆయన. స్కోరుకార్డులో పేరు ఉండదు, ఆయన లేకపోతే మాత్రం బ్యాటర్ల ప్రాక్టీసు సాగదు. మీవారికి ఆయన ఉదాహరణ చెబితే వెంటనే అర్థమవుతుంది.

బంతి పట్టడం వచ్చినవాళ్లు అమెరికాలో వేలమంది ఉన్నారు. ఈ ఉద్యోగంలో నిలబెట్టేది చూసిన దాన్ని గుర్తుంచుకోవడం, ఎవరికి ఎంత చెప్పాలో తెలియడం. ఏడాది పొడవునా ఒకే పిచ్చర్ బంతులు పడుతూ ఉంటే, ఇవాళ స్లైడర్ (పక్కకు తిరిగే బంతి) సరిగ్గా తిరగడం లేదనో, చేయి నిన్నటికన్నా కిందికి వస్తోందనో అందరికన్నా ముందు ఈయనకే తెలుస్తుంది. ఆ మాట కోచ్ చెవిన వేయాలి. మరో నిమిషంలో మైదానంలోకి పరిగెత్తబోయే పిచ్చర్‌తో మాత్రం అనకూడదు. అతనికి ఆ క్షణంలో కావలసింది బంతి గ్లవ్‌లో పడ్డప్పుడు వచ్చే గట్టి చప్పుడు, ‘బాగుంది’ అనే ఒక్క మాట. అబద్ధం ఆడమని కాదు నేననేది, ఏది ఎప్పుడు చెప్పాలో తెలియాలని. ఈ గుణం మీ బాబులో ఉందో లేదో నాకన్నా వాళ్ల స్కూల్ జట్టులోని పిచ్చర్లు బాగా చెప్పగలరు. వాళ్లను అడగమనండి.

ఇక డబ్బు సంగతి. మేజర్ లీగ్ ఆటగాడి కనీస వేతనం 2025లో 7,60,000 డాలర్లు. అది చూసి ఆశపడకండి. బుల్‌పెన్ క్యాచర్ 26 మంది జట్టులో సభ్యుడు కాడు, ఆటగాళ్ల యూనియన్ ఒప్పందం అతనికి వర్తించదు. సిబ్బందికి ఇచ్చే జీతమే. సీజన్‌లో 162 మ్యాచ్‌లు, అందులో సగం పరాయి ఊళ్లలో. ఫిబ్రవరిలో సీజన్‌కు ముందు జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్‌కు అరిజోనాకో ఫ్లోరిడాకో వెళితే మళ్లీ ఇల్లు పట్టేది అక్టోబరులోనే. మోకాళ్లు, బొటనవేలు, నడుము అరిగిపోయే పని. పైగా మేనేజర్ మారితే సిబ్బందీ మారొచ్చు. ఇది నిర్మొహమాటంగా చెప్పాల్సిందే.

అయినా ఆ తలుపు వెనక దారి లేదనుకోకండి. మైక్ బోర్జెల్లో మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 1996 నుంచి 2007 దాకా న్యూయార్క్ యాంకీస్ బుల్‌పెన్ క్యాచర్. తర్వాత కోచింగ్ వైపు వెళ్లి, 2016లో షికాగో కబ్స్ వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచినప్పుడు వాళ్ల కోచింగ్ బృందంలో ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌లో తైరా ఉఎమత్సు కథ మీకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. జపాన్‌లో పుట్టి, చదువుకోవడానికి అమెరికా వచ్చి, 2008లో ఆ జట్టు బుల్‌పెన్ క్యాచర్ అయ్యారు. 2010, 2012, 2014లో జట్టు గెలిచిన మూడు వరల్డ్ సిరీస్‌లూ ఆయన ఉన్న కాలంలోనివే.

వీళ్లిద్దరి దారినీ చూస్తే నాకు అనిపించేది ఒకటే. ఈ ఉద్యోగం దరఖాస్తు పెట్టి తెచ్చుకునేది తక్కువ, ఆట చుట్టూ తిరుగుతుండగా దొరికేది ఎక్కువ. కాబట్టి మీ బాబు దీన్ని గమ్యంగా పెట్టుకోవద్దు. పిచ్చర్ల గురించి బాగా తెలిసిన మనిషి కావడాన్ని లక్ష్యంగా పెట్టుకోమనండి. అప్పుడు బుల్‌పెన్ దొరక్కపోయినా పిచింగ్ కోచ్, డేటా విశ్లేషకుడు, స్కౌట్ (కొత్త ఆటగాళ్లను వెతికేవాడు), స్ట్రెంత్ ట్రైనర్ అనే తలుపులు మిగిలే ఉంటాయి.

కాలేజీ ఎంపిక దగ్గర మీరు నా మాట వినాలి. ర్యాంకు ఒక మెట్టు తక్కువైనా, బేస్‌బాల్ జట్టులో బుల్‌పెన్ క్యాచర్‌గానో స్టూడెంట్ మేనేజర్‌గానో చోటిచ్చే కాలేజీ చూడండి. ఆడే అవకాశం రాకపోయినా రోజూ బంతులు పట్టే అవకాశం వస్తుంది. అప్లికేషన్లకు ముందే ఆయా కోచ్‌లకు మీ బాబే మెయిల్ రాయాలి, మీరు కాదు. తల్లిదండ్రుల మెయిల్ చూస్తే కోచ్‌లకు వచ్చే అభిప్రాయం వేరు.

చదువు సంగతికొస్తే, కినీసియాలజీకి (శరీర కదలికల శాస్త్రం) గానీ స్టాటిస్టిక్స్‌కు గానీ నా ఓటు. బంతి ఎంత తిరిగింది, ఏ కోణంలో విడిచాడు అన్నవి ఇప్పుడు కెమెరాలు, రాడార్ పరికరాలు కొలుస్తున్నాయి. ఆ అంకెలు చదవగల క్యాచర్‌కు విలువ పెరిగింది. కంప్యూటర్ సైన్స్ అంటే మొహం ముడిచే పిల్లాడు పిచింగ్ డేటా ఇస్తే కోడింగ్ నేర్చుకోవచ్చు. మీరు ఆ పేరు ఎత్తకుండా ఉంటే చాలు. ఇంకొకటి, స్కూల్లో విదేశీ భాషగా స్పానిష్ తీసుకోమనండి. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా నుంచి వచ్చిన పిచ్చర్లు దాదాపు ప్రతి జట్టులోనూ ఉంటారు. వాళ్ల భాషలో మాట్లాడగలిగేవాడికి ఈ ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఉంటుంది.

బాబు అమెరికా పౌరుడు కాకుండా మీ మీద ఆధారపడిన హెచ్4 వీసాలో ఉంటే, 21 ఏళ్లు నిండగానే ఆ వీసా ఆగిపోతుంది. ఈ రంగంలో ఉద్యోగం ఇచ్చి వీసా స్పాన్సర్ చేసే జట్టు దొరకడం కష్టం. కాలేజీ నిర్ణయానికి ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి కూర్చోండి.

మీ ఊళ్లోనే టెక్సస్ రేంజర్స్ వాళ్ల డబుల్ ఏ (మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కింది స్థాయి) జట్టు రఫ్‌రైడర్స్ ఆడుతుంది. మీవారిని, బాబుని కలిపి ఒక మ్యాచ్‌కు పంపండి, గేట్లు తీయగానే వెళ్లమనండి. బుల్‌పెన్‌కు దగ్గరగా టికెట్లు తీసుకోండి. స్కోరు చూడడం మానేసి, ఆ క్యాచర్ ఆ రోజు ఏమేం చేశాడో ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాసుకోవాలి. ఇంటికొచ్చాక ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మాట్లాడుకోండి. కాలేజీల జాబితా ఆ తర్వాత నాకు పంపండి.