చిన్న వయసులో కన్నుమూసిన నౌకాదళ అధికారి గురించి సంస్మరణ సభలో ఏం చెప్పాలి?

కడపలో జరగబోయే సభలో, నౌకాదళంలో లెఫ్టినెంట్‌గా ఉండగానే మరణించిన మీ అన్నగారి గురించి ఏం చెప్పాలని అడిగారు. ఆయన మరణంతో మొదలుపెట్టకండి. ఆయన చేసిన పనితో మొదలుపెట్టండి. సముద్రం ఆమడల దూరంలో ఉన్న మన సీమలో చాలామందికి ఆ ఉద్యోగం ఊహకు కూడా అందదు. రాత్రి వాచ్‌లో, అంటే కాపలా వంతులో, ఓడను నడిపించే చోటైన బ్రిడ్జి మీద నిలబడిన అధికారికి ఎదుటి ఓడ ఎర్ర, ఆకుపచ్చ పక్కదీపాలు రెండూ ఒకేసారి కనిపిస్తే, అది నేరుగా తనవైపే వస్తోందని గ్రహించి, నిద్రలో ఉన్న తోటివారందరి ప్రాణాలకు పూచీపడి వెంటనే దారి మళ్లించాలి. ఇంతటి బాధ్యత పాతికేళ్ల వాళ్లే మోస్తారని సభకు తెలియాలి.

1971 డిసెంబరు 9న పాకిస్తాన్‌తో యుద్ధంలో డయ్యూ సమీపంలో మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు అమరులయ్యారు. నౌకను వీడని కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా పేరు నిలిచింది. మిగిలినవారు చాలామందికి సంఖ్యగానే గుర్తున్నారు, ఇది నన్ను బాధిస్తుంది. మీ అన్నగారి విషయంలో అలా జరగకుండా, ఆయన బ్యాచ్‌మేట్ల చేత తలా ఒక జ్ఞాపకం ఇప్పుడే రాయించండి.