బరువు తగ్గే సర్జరీ అయ్యాక పచ్చి కూరగాయలు ఎప్పుడు తినొచ్చు?

ప్రశ్న: నా వయసు 36. పది వారాల కిందట స్లీవ్ సర్జరీ చేయించుకున్నాను. ఇప్పటికి 17 కిలోలు తగ్గాను. మెత్తగా ఉడికించినవే తిని తిని విసుగొచ్చేసింది. మొన్న ఆశపడి నాలుగు క్యారెట్ చక్రాలు, కాసిన్ని కీర ముక్కలు తిన్నాను. ఛాతీ మధ్యలో ఏదో అడ్డుపడినట్టయింది. నోట్లో లాలాజలం నురగలా ఊరిపోయింది. వాంతయ్యాక గానీ నెమ్మదించలేదు. తర్వాత బాగానే ఉన్నా, లోపల కుట్లు ఊడాయేమోనని టెన్షన్‌గా ఉంది. నాతోపాటే సర్జరీ అయినావిడ రెండో నెల నుంచే సలాడ్ తింటోందట. మా అత్తగారేమో ఏడాదిదాకా పచ్చివి ముట్టుకోవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం. కుట్ల దగ్గర లీకవడం అనేది జరిగితే ఎక్కువగా తొలి వారాల్లోనే జరుగుతుంది. దానికి జ్వరం, గుండె దడ, తగ్గని కడుపు నొప్పి తోడవుతాయి. మీకు ఒక్కసారి వాంతై, ఆ తర్వాత తిండీ నీళ్లూ మామూలుగానే దిగుతున్నాయంటే, సరిగా నలగని ముక్క ఇరుక్కుని బయటికి వచ్చేసిందనే అనుకోవచ్చు. ఈ సంగతి మీ సర్జన్‌కు ఒకసారి ఫోన్ చేసి చెప్పండి.

ఇక తేదీ విషయం. చాలా చోట్ల మొదటి ఒకటి రెండు వారాలు ద్రవాలు, నాలుగో వారందాకా గుజ్జు, ఆరు నుంచి ఎనిమిది వారాలదాకా మెత్తని తిండి ఇస్తారు. పచ్చి కూరగాయలు రెండు మూడు నెలల మధ్య మొదలవుతాయి. పీచు గట్టిగా ఉండేవి ఇంకా ఆలస్యంగా. మీకిచ్చిన చార్టులో వేరేగా ఉంటే దాన్నే పాటించండి. ఏడాది ఆగాల్సిన పని మామూలుగా ఉండదు. అలాగని పక్కావిడకు పడింది కదా అని మీకూ పడాలని లేదు. ఆవిడ ఎలా నమిలిందో, ఎంత తిన్నదో మనకు తెలియదు.

నన్నడిగితే క్యాలెండర్ కన్నా నమలడం ముఖ్యం. స్లీవ్‌లో జీర్ణాశయం 75 నుంచి 80 శాతం తీసేస్తారు. పోయేది బాగా సాగే భాగం. మిగిలేది అరటిపండంత సన్నని గొట్టం. ఇదివరకు మీరు సగం నమిలి మింగినా, జీర్ణాశయం సాగి, దాచుకుని, తీరిగ్గా రుబ్బి కిందికి పంపేది. ఇప్పుడు దాచుకునే చోటే లేదు. గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకు కలిపే సర్జరీ) అయినవాళ్లకు ఇంకా ఇబ్బంది. వాళ్ల చిన్న సంచిలో రుబ్బే కండరం ఉండదు, పేగులోకి దారి సుమారు సెంటీమీటరు వెడల్పే. కాబట్టి ఎవరికైనా ఇక రుబ్బే పని నోటిదే.

క్యారెట్ చక్రాన్ని ఒకసారి నమిలి, చేతిలోకి తీసుకుని చూడండి. పది సార్లు నమిలాక కూడా గవ్వల్లాంటి గట్టి పలుకులు కనిపిస్తాయి. వాటిని మింగబట్టే మొన్న అంత బాధ. అదే క్యారెట్‌ను సన్నగా తురుమి పాతిక ముప్ఫై సార్లు నమిలితే నాలుక మీద గుజ్జవుతుంది. అప్పుడు మింగాలి. గుజ్జు కాకపోతే మొహమాటపడకుండా ఉమ్మేయండి.

మీరైతే ఇంకో రెండు వారాలు ఆగండి. ఉడికిన కూరలు ఇబ్బంది లేకుండా దిగుతూ, ఈ మధ్యలో వాంతులు లేకపోతే అప్పుడు కీరతో మొదలుపెట్టండి. తొక్క తీసి, నిలువుగా చీల్చి, మధ్యలో గింజలు చెంచాతో గీకేసి, చిటికెన వేలి గోరంత ముక్కలు చేసుకోండి. మొదటి రోజు రెండు చెంచాలు చాలు. రాత్రి పూట కాదు, పగలు తినండి, తేడా వస్తే తెలుస్తుంది. రెండు మూడు రోజులు అదొక్కటే. పడితే క్యారెట్ తురుము. రెండూ ఒకేసారి తింటే దేనితో ఇబ్బందో పట్టుకోలేం.

ఇంకో మాట, సలాడ్‌తో భోజనం మొదలుపెట్టకండి. గుడ్డో, చేపో, పెరుగో, పప్పో ముందు తినాలి. మీకు రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. కొంచెం తినగానే నిండిపోయే కడుపును కీరతో నింపేస్తే ప్రొటీన్‌కు చోటుండదు, బరువుతో పాటు కండా కరుగుతుంది. తింటూ నీళ్లు తాగొద్దు, భోజనమయ్యాక అరగంట ఆగండి.

మెత్తగా ఉంది కదా అని చాలామంది ముందు లెట్యూస్ ఆకు తింటారు. అది సరిగా నలగదు, పల్చగా గోడకు అంటుకుపోతుంది. టమాటా తొక్కా అంతే, అసలు అరగదు. తొక్క, గింజలు తీసి తినండి. సెలెరీ కాడలు, మొక్కజొన్న, పచ్చి క్యాబేజీ, పచ్చి కాలీఫ్లవర్ లాంటివి ఆరో నెల దాకా పక్కన పెట్టడమే మంచిది. కమలా తొనల మీది తెల్లని పొర కూడా తీసేయండి. ఇలాంటి అరగని పీచు ఒకదానికొకటి చుట్టుకుని లోపల ఉండలా గట్టిపడే ప్రమాదముంది. బైపాస్ అయినవాళ్లలో అది పేగుకు అడ్డుపడి ఆపరేషన్ దాకా వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. పచ్చి ఉల్లి, ముల్లంగి గ్యాస్ తెప్పిస్తాయి.

కూరగాయలు పారే నీళ్ల కింద బాగా రుద్ది కడగండి. తిండితో వచ్చే క్రిముల్ని చంపేది జీర్ణాశయంలోని ఆమ్లమే. ఆమ్లం తగ్గించే మాత్రలు వేసుకుంటున్నన్నాళ్లూ ఆ రక్షణ తక్కువ. మొలకలు కూడా పచ్చివి వద్దు, ఉడికించి తినండి.

మళ్లీ ఇరుక్కుంటే వెంటనే తినడం ఆపండి. ఊరే లాలాజలం మింగకుండా ఉమ్మేస్తూ నెమ్మదిగా అటూ ఇటూ నడవండి. నీళ్లతో కిందికి తోసేద్దామని చూడకండి, పోయే దారి మూసుకుని ఉంటే ఆ నీళ్లూ పైకే వస్తాయి. తగ్గాక ఆ రోజంతా ద్రవాలు, మర్నాడు మెత్తనివి. మళ్లీ పచ్చివి తినడానికి వారం ఆగండి.

గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోయినా, కడుపు నొప్పి తీవ్రంగా ఉన్నా, మలం నల్లగా వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఒకటి రెండు రోజులకోసారైనా వాంతులు అవుతూనే ఉంటే, అది అలవాటవుతుందిలే అని సర్దుకుపోవద్దు. బి1 విటమిన్ నిల్వలు రెండు మూడు వారాల్లోనే అడుగంటుతాయి. కాళ్లు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం, ఒకటి రెండుగా కనిపించడం మొదలైతే అది ఎమర్జెన్సీ. అక్కడ సెలైన్ పెట్టేలోపే మీకు ఈ సర్జరీ అయిందనీ, వాంతులవుతున్నాయనీ చెప్పండి. గ్లూకోజ్ ఎక్కించే ముందే బి1 ఇంజెక్షన్ పడాలి.