గండికోట కొట్టాల్లో పెట్టడానికి మీ దగ్గర డబ్బు లేదు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది ప్రొద్దుటూరు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 62,000 వస్తుంది. అద్దె, పాప బడి ఫీజు, ఇంటి ఖర్చు అన్నీ కలిపి 46,000. బండి ఈఎంఐ 4,500. సేవింగ్స్ ఖాతాలో 1.5 లక్షలు ఉన్నాయి. డిసెంబరులో భార్య, పాపతో గండికోట వెళ్లి, కోటకు నడిచి వెళ్లేంత దూరంలో మట్టిగోడల బోదకొట్టాల (గడ్డి కప్పిన గుడిసెల) లాడ్జిలో రెండు రాత్రులు ఉన్నాం. మొత్తం 18,000 అయింది. కార్డు మీద కట్టి, ఆరు నెలల ఈఎంఐగా మార్చుకున్నాను. మేం ఉన్న రెండు రోజులూ అన్ని కొట్టాలూ నిండి ఉన్నాయి. యజమాని ఇంకో రెండు కట్టాలనుకుంటున్నారు. నేను 8 లక్షలు పెడితే వాటి అద్దెలో సగం ఇస్తానన్నారు. కొట్టానికి రోజుకు 2,000 చొప్పున నెలకు 20 రోజులు నిండినా నా వాటా 40,000. ఇరవై నెలల్లో అసలు వచ్చేస్తుంది. భార్య నగల మీద 3.5 లక్షలు, పర్సనల్ లోన్ 3 లక్షలు తీసుకుని, సేవింగ్స్‌లో ఉన్న 1.5 లక్షలు కలుపుదామని ఆలోచన. ఏ లోన్ ముందు తీసుకుంటే వడ్డీ తగ్గుతుంది?

జవాబు: రెండూ తీసుకోకండి. వడ్డీ మొత్తం తగ్గుతుంది.

కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణముంది. సంక్రాంతి దాటిందంటే ఇలాంటివి వరసగా వస్తాయి. ఒకరికి అరకులో గుడిసె, ఇంకొకరికి వికారాబాద్ దగ్గర ఫామ్‌హౌస్‌లో వాటా. సెలవుల్లో ఉండి వచ్చిన చోటు మీద మనసు పడుతుంది, ఆ రెండు రోజుల రద్దీనే ఏడాదంతా ఉంటుందనుకుని లెక్క వేసేస్తారు. అంతవరకైతే నేనూ నవ్వి ఊరుకునేవాడిని. కానీ దాదాపు అందరూ మీలాగే ‘సొంత పెట్టుబడి’ అనే గడిలో ఇంట్లో ఉన్న ఆఖరి డబ్బు రాస్తున్నారు. నాకు భయం అక్కడే.

ముందు మీ ట్రిప్ సంగతి. నులక మంచం, పొద్దున్నే పెన్నా లోయ మీద ఎండ, రాగి సంగటి, నాటుకోడి పులుసు. ఎవరికి నచ్చదు? 18,000 పెట్టి పాపకు అది చూపించడం తప్పని నేననను. నాకు అర్థంకానిది ఇంకోటి. ఖాతాలో లక్షన్నర పెట్టుకుని 18,000కు వడ్డీ కట్టారు. ఆ లక్షన్నర ముట్టకూడదని అలా చేసి ఉంటే, కనీసం ఉద్దేశం మంచిదే అనుకునేవాడిని. సెలవుల కోసం ముట్టని డబ్బును ఇప్పుడు మొత్తంగా వేరొకరి స్థలంలో మట్టిగోడలకు ఇచ్చేస్తానంటున్నారు!

ఇప్పుడు లెక్క చూద్దాం. పర్సనల్ లోన్ 3 లక్షలు, మూడేళ్లు, 15 శాతం అనుకుంటే నెలకు దాదాపు 10,400. బంగారం మీద 3.5 లక్షలకు 12 శాతమైతే వడ్డీయే నెలకు 3,500, అసలు ఏడాది చివర అలాగే నిలబడి ఉంటుంది. రెండూ కలిపి 13,900. మీ ఇంటి ఖర్చు, బండి కలిపితే 50,500. మొత్తం 64,400. మీ జీతం 62,000. కార్డు ఈఎంఐ ఇంకో 3,100 దాకా ఉంటుంది. అంటే మొదటి అతిథి చెప్పులు విప్పకముందే నెలకు 5,500 తక్కువ పడుతోంది. కొట్టాలు కట్టడానికి కొన్ని నెలలు పడుతుంది, ఈఎంఐ మాత్రం వచ్చే నెల నుంచే మొదలవుతుంది. సేవింగ్స్ సున్నా. ఆ 5,500 ఎక్కడి నుంచి తెస్తారు? మళ్లీ కార్డు మీదే తెస్తారు. ఇలాంటి ఇళ్ల స్టేట్‌మెంట్లు చాలా చూశాను, వరస ఎప్పుడూ ఇదే.

పని చకచకా జరిగినా కొట్టాలు తెరిచేసరికి ఏప్రిల్ వస్తుంది. మీరు కడప జిల్లా మనిషి, మే నెలలో గండికోట ఉన్న జమ్మలమడుగు వైపు ఎండ ఎలా ఉంటుందో నేను చెప్పాలా? 42 డిగ్రీలు దాటే రోజుల్లో ఏసీ లేని కొట్టానికి 2,000 ఇచ్చి ఎవరొస్తారు? గండికోటకు జనం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వస్తారు, అదీ బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి శుక్రవారం రాత్రి బయల్దేరి, ఆదివారం సాయంత్రం వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మీకు అన్నీ నిండి కనిపించడంలో వింతేముంది? మీరు వెళ్లింది డిసెంబరులో.

నా అంచనా ఇది, యజమాని మీద కోపంతో వేసింది కాదు. సీజన్ నాలుగు నెలలూ కొట్టానికి పది రాత్రుల చొప్పున నిండితే మీ సగం వాటా నెలకు 20,000. మిగతా ఎనిమిది నెలలు మూడేసి రాత్రులు వస్తే 6,000. ఏడాదికి 1,28,000. నెలకు సగటున పదివేల ఆరొందలు. లోన్లకు వెళ్లేది 13,900. పైగా సగటు అనేది కాగితం మీదే ఉంటుంది, సీజన్ కాని నెలలో మీ చేతికి వచ్చేది ఆ 6,000 మాత్రమే. కార్డు బాకీ తీరేదాకా అలాంటి నెల చివర మీ ఇంట్లో మిగిలేది 500 రూపాయలు. ఏడాది తిరిగేసరికి బంగారం మీద 3.5 లక్షలు ఒక్కసారి కట్టాలి. ఏడాది మొత్తం వచ్చిన వాటా పక్కన పెట్టినా అందులో సగం కూడా కాదు. తిరగరాయించుకుంటారు, మళ్లీ వడ్డీ. ఒక ఏడాది తిరగరాయడం కుదరకపోతే వేలం నోటీసు. నగలు ఆమెవి, మీ ఉత్తరంలో ఆమె మాట ఒక్కటీ లేదు. ‘భార్య ఒప్పుకుంది’ అని కూడా రాయలేదు.

ఇక నేను ప్రతి వారం అరిచే అత్యవసర నిధి. నెలకు 50,500 ఖర్చున్న ఇంటికి ఆరు నెలల ఖర్చుకు సరిపడా 3,03,000 ఉండాలి. మీ దగ్గర ఉన్నది అందులో సగం. అంటే మీకున్న లక్షన్నర మిగులు డబ్బు కాదు, సగమే పూర్తయిన నిధి. పెట్టుబడి పెట్టడానికి మీ దగ్గర ఉన్నది ఎంత అని నన్ను అడిగితే, ఒక్క రూపాయి కూడా లేదంటాను. ఇంకో తమాషా చూడండి. ఈ లోన్లు నెత్తిన పెట్టుకోగానే మీ నెల ఖర్చు 64,400 అవుతుంది కాబట్టి ఉండాల్సిన నిధి 3,86,400కు పెరుగుతుంది. సరిగ్గా అదే రోజు మీ నిధి సున్నా అవుతుంది. అప్పు చేసినవాడికి నిధి ఎక్కువ కావాలి. మన వాళ్లు చేసేది మాత్రం తిరగబడి ఉంటుంది: అప్పుతో పాటు పెట్టాల్సిన సొంత వాటా కోసం ఉన్న నిధిని ఊడ్చేస్తారు.

ఉద్యోగం గట్టిదే, నిధితో పనేముంది అంటారేమో. సరే, మీ ఉద్యోగానికి ఏమీ కాదనుకుందాం. గండికోట భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. కోవిడ్ వచ్చినప్పుడు ఆ శాఖ 2020 మార్చి 17న దేశంలోని తన కట్టడాలన్నీ మూసేసింది, చాలావాటిని జూలై దాకా తెరవలేదు. 2021 ఏప్రిల్ 16 నుంచి జూన్ 15 దాకా మళ్లీ మూసేసింది. కోట మూస్తే కోట చూడ్డానికి వచ్చేవాళ్ల మీద బతికే లాడ్జికి ఏం వస్తుంది? మీ జీతం, మీ వాటా రెండూ ఒకేసారి ఆగిపోయే కాలం మరీ పాతదేం కాదు, మనందరం చూసిందే. ఆ రోజుల్లో లోన్ల మీద ఈఎంఐ కట్టడానికి పరుగెత్తింది జీతం తక్కువవాళ్లే కాదు, చేతిలో మూడు నెలల డబ్బు లేనివాళ్లు కూడా.

కోటకు నడిచేంత దూరం అని మురిసిపోయారు. నాకు మాత్రం అక్కడే చెవులు నిక్కబొడుచుకున్నాయి. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్తగా ఏదీ కట్టకూడదు, అక్కడి నుంచి ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి లేకుండా కట్టకూడదు. 2010లో సవరించిన చట్టం ఇది. మట్టిగోడే కదా, బోద కప్పే కదా అంటే చట్టం ఊరుకోదు. ఇప్పుడున్న కొట్టాలకు అనుమతి ఉందా, కట్టబోయే వాటికి వస్తుందా? ఆ స్థలం సొంత పట్టానా, ప్రభుత్వం పంచి ఇచ్చిన డీకేటీ భూమా? 8 లక్షలకు మీ పేరు మీద రాసిచ్చే కాగితం ఏమిటి? మీరు ఇవేవీ రాయలేదు. అడిగి ఉండరనే నా అనుమానం.

కప్పు సంగతి కూడా చూడండి. బోద మూడు నాలుగు వానాకాలాలకు నల్లబడి, కుళ్లి, చెదలు పట్టి జారుతుంది. మళ్లీ కప్పించాలి. గోడ కింద అడుగు ఎత్తు దాకా తడికి ఊడిపోతుంటే ప్రతి ఏడాదీ మట్టి పూయించి అలకాలి. ఊళ్లో బోద కప్పడం తెలిసిన చేతులు తగ్గిపోయాయి, వచ్చినవాళ్లు అడిగినంత ఇవ్వాలి. అద్దెలో సగం మీదన్నారు సరే, ఈ ఖర్చులో ఎంత మీది? ఎండాకాలం ఒక నిప్పురవ్వ పడితే ఆ నష్టం ఎవరిది? వీటికి ఒక్క వాక్యం కూడా జవాబు లేకుండా 8 లక్షలు ఇవ్వడం వ్యాపారం కాదు.

ప్రభుత్వం గండికోటను అభివృద్ధి చేస్తోంది, ధరలు పెరుగుతాయి అని యజమాని చెప్పే ఉంటారు. నిజమే, 2024లో కేంద్రం దీనికి 77.91 కోట్లు మంజూరు చేసింది. అంతకు ముందే, 2023లో, అక్కడ ఒబెరాయ్ హోటల్‌కు శంకుస్థాపన జరిగింది. జనంతో పాటు గదులూ పెరుగుతాయి. పర్యాటక శాఖవారి హరిత హోటల్ ఎలాగూ ఉంది, టెంట్లు వేసేవాళ్లు ఉన్నారు. మీ రెండు కొట్టాలకే వస్తారని ఎవరు చెప్పారు?

చేయాల్సింది చెబుతాను. కార్డు మీద మిగిలిన బాకీ ఈ నెలలోనే ఖాతాలోంచి తీసి కట్టేయండి, ముందుగా మూసినందుకు ఛార్జీ ఎంతో అడిగి మరీ. ఆ తర్వాత మీకు నెలకు 11,500 మిగులుతుంది. అందులో 10,000 నిధికి, 1,500 వేరే ఆర్‌డీకి (నెలనెలా బ్యాంకులో వేసే రికరింగ్ డిపాజిట్). ఆ ఆర్‌డీతో ఏడాదికి 18,000 చేరుతుంది, మళ్లీ అదే కొట్టంలో రెండు రాత్రులు ఎవరికీ వడ్డీ కట్టకుండా ఉండి రావచ్చు. నిధి పూర్తవడానికి ఏడాదిన్నర దాకా పడుతుంది. ఎఫ్‌డీయా, లిక్విడ్ ఫండా అని తల బద్దలు కొట్టుకోకండి, ఒకటి రెండు రోజుల్లో చేతికొచ్చేది ఏదైనా సరే. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత పాలసీ ఒకటి, టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఒకటి ఈలోపే తీసుకోండి. ప్రీమియం కోసం నిధికి వేసేది ఒకట్రెండు వేలు తగ్గినా పర్వాలేదు. ఫండ్లు, సిప్‌లు ఆ తర్వాత.

నిధి పూర్తయ్యాక కూడా కొట్టాల మీద మనసు పోకపోతే, అప్పు లేకుండా, నగలు ముట్టకుండా, పోయినా తట్టుకోగలిగేంత డబ్బుతో ఒక్క కొట్టం సంగతి మాట్లాడుదాం. ఈలోగా యజమానికి ఫోన్ చేసి గత రెండేళ్ల బుకింగ్ రిజిస్టర్ అడగండి. డిసెంబరు పేజీలు మీరు చూసేశారు, మే, జూన్ పేజీలు ఫోటో తీసి పంపమనండి.