మన ఊరికి సముద్రమే లేదు కదా, డాల్ఫిన్ చదువేంటి సార్?

చిత్తూరు నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. డాల్ఫిన్లు ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకుంటాయని ఏదో వీడియోలో చూసినప్పటి నుంచి అదే చదువుతానంటోందట. పుస్తకాలు పక్కన పడేసి తెల్లవారుజామునే మిద్దెమీద కూర్చుని ఫోన్లో పిట్టల అరుపులు రికార్డు చేస్తోందట. "నీట్ లాంగ్ టర్మ్ పెట్టించేదా? కన్సల్టెన్సీ వాళ్లు విదేశాల్లో మెరైన్ బయాలజీ అంటున్నారు, దానికి పంపేదా? లేకపోతే ఐసరా, ఫిషరీసా? పోల్చి చెప్పండి" అని అడిగారు.

పోలిక తర్వాత సార్. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు, జంతువు మారుతుందంతే, ఒకరికి పులి, ఇంకొకరికి పాము. అడుగున ఉండే భయం మాత్రం ఒకటే: రేపు పెళ్లిలో ఎవరైనా "పాప ఏం చదువుతోంది" అంటే ఏం చెప్పాలి?

ముందు ఆ వీడియో సంగతి చూద్దాం, అది కట్టుకథ కాదు. బాటిల్‌నోస్ డాల్ఫిన్లలో ఒక్కోదానికీ తనదైన ఈల ఉంటుంది, మనకు పేరున్నట్టే. ఫ్లోరిడాలోని సారసోటా దగ్గర 1970 నుంచి అవే డాల్ఫిన్ కుటుంబాలను తరతరాలుగా గమనిస్తున్నారు. వైద్య పరీక్ష కోసం కాసేపు పట్టుకున్నప్పుడు రబ్బరు కప్పుతో తలకు మైకు అతికించి ఆ ఈలలు రికార్డు చేస్తారు. లేలా సాయిగ్ అనే శాస్త్రవేత్త బృందం అలాంటి రికార్డింగుల్లోంచి 19 తల్లుల ఈలలు తీసి పోల్చింది. పిల్ల పక్కనుంటే తల్లి తన ఈలనే ఇంకా సన్నగా, పైకి తీసుకెళ్లి వేస్తుందని 2023లో చూపించింది. చంటిపిల్లను ఎత్తుకోగానే మన గొంతు మారిపోదూ, అట్లా. కానీ ఆ ఒక్క మాట చెప్పడానికి పిల్లతో ఉన్నప్పుడూ, పిల్ల లేనప్పుడూ అదే తల్లి వేసిన ఈలలు దొరకాలి, అందుకు మూడు దశాబ్దాలకు పైగా పోగేసిన రికార్డింగులు కావలసి వచ్చాయి.

అందుకే ఆ కన్సల్టెన్సీ వాళ్ల బ్రోచరు మీద నాకు అనుమానం. డాల్ఫిన్‌తో ఈదుతున్న పిల్ల ఫొటో వేస్తారు. అసలు పనిలో ఎక్కువ భాగం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తెరమీద శబ్దాన్ని గీతలుగా చూస్తూ, కోడింగ్, స్టాటిస్టిక్స్‌తో కుస్తీ పట్టడమే. డాల్ఫిన్లను ఆడించే ఉద్యోగం మన దేశంలో లేనే లేదు, ఆ షోలకు 2013లోనే కేంద్రం వద్దంది. పైగా ఈ దారిలో పీహెచ్‌డీ లేకుండా పని జరగదు. ఆ పీహెచ్‌డీకి మంచి విద్యార్థికి ఎదురు డబ్బులిస్తారు, ఇక్కడైతే జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ నెలకు 37 వేలు. అలాంటప్పుడు డిగ్రీకే పొలం తాకట్టు పెట్టి విమానం ఎక్కించడం ఎవరి లాభానికో మీరే ఆలోచించండి.

ఇక నీట్ మాట. ఇంత పెద్ద ఉత్తరంలో అమ్మాయికి డాక్టర్ కావాలని ఉందా అన్న మాట ఒక్కచోట కూడా రాయలేదు సార్ మీరు. అడిగారా అసలు? ఇష్టంలేని పిల్లను ఏడాదిపాటు హాస్టల్లో పెట్టి టెన్షన్ పెంచి, మార్కులు రాకపోతే మళ్లీ ఆ పిల్లనే అంటారు.

ఫిషరీస్ మంచి కోర్సే, ప్రభుత్వ ఉద్యోగాలూ ఉన్నాయి, కాకపోతే అక్కడ చేపలు, రొయ్యల పెంపకమే ప్రధానం. ఈ అమ్మాయికి నేనైతే ఐసర్ అంటాను, అది సైన్స్ చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన సంస్థ. మన తిరుపతి ఐసర్ ఏర్పేడులోనే ఉంది, పక్షుల పాటల మీద పరిశోధన చేసే ల్యాబ్ కూడా అక్కడే ఉంది. సముద్రం లేదని బెంగ అక్కర్లేదు, పిట్ట శబ్దాన్ని చదవడం వచ్చినవాళ్లకు డాల్ఫిన్ ఈల మరీ కొత్త లిపేం కాదు. ఒక్క చిక్కు, మొదట్లో అందరూ మ్యాథ్స్ చదవాలి, బైపీసీ పిల్లలు అక్కడే తడబడతారు. కోచింగ్ డబ్బు పెట్టాలనుకుంటే దానికి పెట్టండి.

అన్నట్టు, మిద్దెమీద రికార్డింగులని ఫిర్యాదు చేశారే, ఈ పనికి కావలసింది సరిగ్గా అదే. ఈ రాత్రికి ఆమె ఫోన్ అడిగి చూడండి. ఒక్కో రికార్డింగుకూ తేదీ, టైము, ఏ పిట్ట, ఎక్కడ అని రాసి పెట్టుకుంటోందా? రాస్తుంటే ఈసారి మీరు కాదు, అమ్మాయినే నాకు ఫోన్ చేయమనండి.