నచ్చిన అనిమే, నచ్చని మాంగా: వాదనకు కూర్చునే ముందు

చిరంజీవి చిన్నికి,

మామయ్య దీవెనలు. నువ్వూ నీ స్నేహితులూ కలిసి ఎవరికి ఏ అనిమే (జపాన్ యానిమేషన్) ప్రాణమో, ఏ మాంగా (జపాన్ కామిక్స్) అంటే ఒళ్లు మంటో తేల్చుకోవడానికి కూర్చుంటున్నారట. తేలదు. తేలకపోయినా నష్టం లేదు. కానీ లేచేటప్పుడు మొహాలు మాడ్చుకోకుండా, కొత్తగా చూడాల్సినవి రెండు మూడు రాసుకుని లేవాలంటే కొన్ని ముందే చూసుకోవాలి.

అన్నిటికన్నా ముందు, ఇద్దరూ మాట్లాడేది ఒకే దాని గురించేనా అని చూడు. సగం గొడవలు ఇక్కడే పుడతాయి. "ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ ఎండింగ్ నాకు నచ్చలేదు" అంటారు ఒకరు. ఏ ఎండింగ్? హిరోము అరకావా మాంగా 2001లో మొదలై 2010లో ముగిసింది. 2003లో అనిమే వచ్చేనాటికి అది సగం కూడా కాలేదు. అందుకని 51 ఎపిసోడ్ల ఆ సిరీస్ మధ్యలోంచి సొంత దారి పట్టింది. విలన్లు ఎక్కణ్ణుంచి వచ్చారన్నది వేరు, ముగింపు వేరు. అదే బోన్స్ స్టూడియో 2009లో మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుని, బ్రదర్‌హుడ్ అన్న పేరుతో 64 ఎపిసోడ్లలో మాంగా దారినే నడిపించింది. ఒకరు అది చూసి, ఒకరు ఇది చూసి కొట్లాడుకుంటే, ఒకే ఇంటిపేరున్న ఇద్దరు వేర్వేరు మనుషుల మీద తగువు పెట్టుకున్నట్టే. అన్నట్టు, బ్రదర్‌హుడ్ మొదటి పది పన్నెండు ఎపిసోడ్లు పరుగులు పెట్టాయనే ఫిర్యాదు తీసిపారేయాల్సింది కాదు. ఆ భాగం కథలో బాధ మనసుకు పట్టేది 2003 సిరీస్‌లోనే.

కాబట్టి ఎవరైనా పేరు ఎత్తగానే మూడు ముక్కలు చెప్పించు: మాంగానా అనిమేనా, అనిమే అయితే ఏ ఏడాదిది, ఎక్కడిదాకా చూశారు. హంటర్ హంటర్ అంటే 1999దా, 2011లో వచ్చిన 148 ఎపిసోడ్లదా? మాంగాలోనూ ఈ చిక్కు ఉంటుంది. అటాక్ ఆన్ టైటాన్ చివరి చాప్టర్, 139వది, 2021 ఏప్రిల్‌లో పత్రికలో వచ్చింది. తర్వాత 34వ వాల్యూమ్ పుస్తకంలో అచ్చయినప్పుడు చివర్లో మరికొన్ని పేజీలు కలిశాయి. పత్రికలో చదివి ఆగిపోయినవాళ్లూ వాల్యూమ్‌లో చదివినవాళ్లూ వేరే వేరే చివరి పేజీని మనసులో పెట్టుకుని మాట్లాడుతుంటారు.

ఎక్కడిదాకా అన్న ప్రశ్న స్పాయిలర్ల కోసమే, అంటే చూడని కథ ముందే తెలిసిపోకుండా ఉండటానికే కాదు. మధ్యలో వదిలేసినవాళ్లకు మాట్లాడే హక్కు లేదనేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట వినకు. వదిలేయడమూ ఒక తీర్పే. వాక్యం మాత్రం మారాలి. "ఆ సిరీస్ బాగాలేదు" అనకుండా "నాలుగో ఎపిసోడ్‌లో వదిలేశాను, అప్పటికి హీరోకి ఏం కావాలో నాకు తెలియలేదు" అనాలి. పైగా ఎన్నిట్లో ఎన్ని అన్నది చూడాలి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో మొదలయ్యే మామూలు సీజన్ అనిమేకి 12, 13 ఎపిసోడ్లు ఉంటాయి. అందులో మూడు చూశావంటే పావు వంతు చూసినట్టు. 500 ఎపిసోడ్ల నరుటో షిప్పూడెన్‌లో మూడు చూశావంటే గుమ్మం కూడా దాటనట్టు.

ఇక తప్పు ఎవరిది అన్న మాట. "స్టూడియో నాశనం చేసింది" అనేది అందరి నోటా ఆడే మాట. నిందించే ముందు లెక్క వెయ్యి. షోనెన్ జంప్ లాంటి వారపత్రికలో వారానికి ఒక చాప్టర్, సుమారు 19 పేజీలు. అనిమే కూడా వారం వారం ఆగకుండా నడిస్తే ఏదో ఒక రోజు మాంగాని తోకపట్టుకుంటుంది. కథని సొంత దారి పట్టించకుండా నడిపించాలంటే అప్పుడున్న దారులు రెండే. ఒకటి ఫిల్లర్, అంటే మాంగాలో లేని కథని మధ్యలో కలపడం: మొదటి నరుటోలో 136 నుంచి 219 వరకు దాదాపు అంతా ఫిల్లరే. రెండోది సాగదీత: 1999లో మొదలైన వన్ పీస్ అనిమేలో 20 పేజీలు నిండని చాప్టర్‌ని ఒక ఎపిసోడ్‌గా లాగడానికి, పాత కథ మళ్లీ చూపించడం, ఒక దెబ్బ పడితే చుట్టూ ఉన్న పది మొహాలూ వరసగా చూపించడం. వన్ పీస్ నెమ్మది అనేవాళ్లని "మాంగా చదివావా?" అని అడుగు. చదివి కూడా నెమ్మది అంటే అది మాంగా రచయిత ఓదా కథ మీద మాట. చదవకపోతే అది ప్రసారం మీద మాట.

ఆగకుండా నడపకుండా కొన్ని ఎపిసోడ్లు వేసి విరామం ఇచ్చే సీజన్ల పద్ధతిలో ఫిల్లర్ బెడద తగ్గి, దానికి ఎదురు జబ్బు వచ్చింది. ప్రామిస్డ్ నెవర్‌ల్యాండ్ చూడు. మొదటి సీజన్ 12 ఎపిసోడ్లలో 37 చాప్టర్లు చెప్పింది, ఊపిరి బిగపట్టి చూశారు జనం. మాంగా మొత్తం 181 చాప్టర్లు. 2021లో వచ్చిన రెండో సీజన్ 11 ఎపిసోడ్లలో కథ ముగించేసింది. మిగిలిన 144 చాప్టర్లు 11 ఎపిసోడ్లలో ఎలా పడతాయి? పట్టలేదు. గోల్డీ పాండ్ అనే ఆర్క్, అంటే కథలో ఒక పెద్ద ఘట్టం, మొత్తం ఎగిరిపోయింది. "రెండో సీజన్ చెత్త" అని అరవడం కన్నా ఈ అంకెలు నెమ్మదిగా చెప్పడం బలమైన వాదన. ఎదుటివాళ్ల దగ్గర జవాబుండదు.

స్టూడియో పేరు కూడా నువ్వనుకున్నంత చెప్పదు. వన్ పంచ్ మ్యాన్ 2015లో మ్యాడ్‌హౌస్ దగ్గర, 2019లో రెండో సీజన్ జె.సి. స్టాఫ్ దగ్గర తయారైంది. తేడా కళ్లకు కొడుతుంది. కానీ మొదటి సీజన్ అంత మెరవడానికి కారణం దర్శకుడు షింగో నత్సుమే, ఆయన కోసం బయటి నుంచి వచ్చి పనిచేసిన ఫ్రీలాన్స్ యానిమేటర్లు. ఆ మనుషులు కదిలిపోతే బోర్డు మీద పేరు ఏదైతేనేం? పైగా చాలా అనిమేలకు డబ్బు పెట్టేది, ఎప్పుడు ప్రసారం చేయాలో నిర్ణయించేది ప్రొడక్షన్ కమిటీ, అంటే ప్రచురణకర్తలు, టీవీ చానళ్లు, బొమ్మల కంపెనీల లాంటివాళ్ల కూటమి. స్టూడియో చాలాసార్లు కూలికి పనిచేసేదే.

బొమ్మ బాగాలేదు అని ఫోన్‌లో ఒక స్క్రీన్‌షాట్ చూపిస్తారు చూడు, అక్కడ ఆగు. షిప్పూడెన్ 167వ ఎపిసోడ్‌లోంచి తీసిన సాగిన మొహాలు ఇప్పటికీ నవ్వులాటకు తిరుగుతుంటాయి. ఇదెలా పరీక్షించాలో చెబుతాను. ఆ షాట్‌ని ముందు మామూలు వేగంతో ఒక పది సెకన్లు చూడండి, ఆపొద్దు. తర్వాత ఒక్కో ఫ్రేమూ కదిలించుకుంటూ చూడండి. సెకనుకు 24 ఫ్రేములు, కానీ ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీయరు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల పాటు ఉంచితే సెకనుకు 12 బొమ్మలు, మూడు ఉంచితే 8. ఆ కొద్ది బొమ్మల్లోనే వేగం కనిపించాలంటే మధ్య బొమ్మని కావాలనే సాగదీస్తారు. దెబ్బ తగిలిన దిక్కుకి దవడ జారుతుంది, చెయ్యి తాడులా పొడుగవుతుంది. ఆపితే వికారం, ఆడిస్తే విసురు. కదలిక పూర్తయ్యాక మొహం తన ఆకారానికి తిరిగొస్తే అది పొరపాటు కాదు, ఎంపిక. ఆ ఎంపిక నచ్చలేదనొచ్చు, దానికి అడ్డు లేదు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే నిదానమైన షాట్‌లో ఒక కన్ను పైకీ ఒకటి కిందికీ ఉంటే మాత్రం అది నిజంగా తప్పే. దిద్దే టైము దొరకలేదన్నమాట. స్క్రీన్‌షాట్‌తో నిరూపించగలిగేది ఈ రెండో రకం మాత్రమే.

మాంగా విషయంలో "ఫైటింగ్‌లో ఏం జరుగుతోందో అర్థం కాలేదు" అనేవాళ్లని, ఎందులో చదివారో అడుగు. ఫోన్‌లో పేజీకి పేజీ చదివితే రెండు పేజీల మీద పరుచుకున్న పెద్ద బొమ్మ నడిమికి తెగిపోతుంది. బెర్సర్క్‌లో కెంతారో మియురా గీసిన యుద్ధాలు అలా చదివితే గీతల గుట్టలా కనిపిస్తాయి. ఫోన్ అడ్డంగా తిప్పి రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకోవాలి, కుడివైపు పేజీ ముందు. అప్పటికీ బొమ్మ అతకకపోతే, అట్టని కూడా ఒక పేజీగా లెక్కేసి యాప్ జతలు తప్పుగా కట్టిందన్నమాట. ఒక పేజీ జరిపితే అతుకుతుంది. ఇంకోటి, పేజీ తిప్పగానే కనబడేలా పెట్టిన దెబ్బ, కిందికి జరుపుకుంటూ పోయే చదువులో ముందే కంటపడిపోతుంది. దాని నేరం మాంగా మీద వెయ్యకూడదు.

ఇప్పుడు అసలు కష్టం, నచ్చనిదాని గురించి మాట్లాడటం. ఇష్టమైనదాన్ని పొగడటం ఎవరికైనా వచ్చు. నచ్చనిదాన్ని చెప్పేటప్పుడు ఏ సీను, అక్కడ కథ దేన్ని ఆశపెట్టింది, బదులుగా ఏమిచ్చింది, ఈ మూడూ ఉండాలి. "డెత్ నోట్ రెండో సగం చెత్త" అన్నావనుకో, అవతలివాళ్లు "నీకు అర్థం కాలేదు" అంటారు, కథ కంచికి. అదే మాట ఇలా చెప్పి చూడు: "25వ ఎపిసోడ్ వరకు ఇద్దరు సమవుజ్జీల ఎత్తులు మనకు ఒక్కొక్కటే విప్పి చూపించారు. మాంగా 108 చాప్టర్లలో సగం పైచిలుకు ఆ 25 ఎపిసోడ్లలో నడిస్తే, మిగతా 50 దాకా చాప్టర్లని చివరి 12లో కుక్కారు. కొత్త ప్రత్యర్థులు ఎలా ఆలోచిస్తారో చూపించే తీరిక లేక నిర్ణయాలు మాత్రమే చూపించారు. అందుకే వాళ్ల గెలుపులో నాకు రుచి లేకపోయింది." ఇప్పుడు అవతలివాళ్లు ఒప్పుకోవాలన్నా కాదనాలన్నా ఏదో ఒక సీను పట్టుకుని మాట్లాడక తప్పదు. మొదట చెప్పిన మూడు ముక్కలు ఇక్కడ కూడా పనికొస్తాయి. మాంగా మాత్రమే చదివినవాళ్లకు ఈ కుక్కుడు తెలియదు, వాళ్ల అభ్యంతరం వేరే ఉంటుంది.

శ్రమని సమర్థనగా ఒప్పుకోకు. 2009లో హరుహి సుజుమియా రెండో విడతలో ఒకే కథని కొద్దిపాటి తేడాలతో వరసగా 8 ఎపిసోడ్లు ప్రసారం చేశారు. ప్రతి ఎపిసోడ్‌నీ మళ్లీ కొత్తగా గీశారు, గొంతులు మళ్లీ రికార్డు చేశారు. కాలం ఒకేచోట తిరిగే విసుగు పాత్రకే కాక చూసేవాళ్లకూ తగలాలని. తగిలింది. అంత కష్టపడ్డారు కాబట్టి నచ్చాలి అనడం మాత్రం కుదరదు. రెండు మూడు సార్లతో పనయ్యేదని నా అభిప్రాయం.

"ఇది షోనెన్, పిల్లలది" అనే వాదన వస్తే ఒక్క ముక్కలో కొట్టెయ్యి. షోనెన్ (కుర్రాళ్లు), సెయినెన్ (పెద్దవాళ్లయిన మగవాళ్లు) అన్నవి పత్రిక ఎవరికోసం అన్న గుర్తులు, కథ రకాలు కావు. డెత్ నోట్ వచ్చింది షోనెన్ జంప్‌లోనే. ఎవరు ఎవరిని కొట్టగలరు అనే పోటీలు టీ తాగేటప్పుడు పెట్టుకోండి. సబ్‌టైటిళ్లతో చూడాలా, డబ్బింగ్‌లో చూడాలా అన్నదానికి జవాబు లేదు, ఎవరు దేంట్లో చూశారో చెప్పుకుంటే చాలు. పదికి ఇన్ని మార్కులు అని సైట్ల స్కోర్లు తెస్తే ఒకటి గుర్తుపెట్టుకో. మొదటి సీజన్ నచ్చనివాళ్లు మూడోదాకా రారు. మిగిలినవాళ్లంతా అభిమానులే కాబట్టి ముందు సీజన్ల కన్నా స్కోరు పెరగడం మామూలే. సీజన్ మెరుగైందనడానికి అదొక్కటే సాక్ష్యం కాదు.

కూర్చోబెట్టే పద్ధతి చెబుతాను. ఆరుగురైతే గంటన్నర సరిపోతుంది. ఒక్కొక్కరూ ముందే చీటీ రాసి ఇవ్వాలి: నచ్చింది ఒకటి, నచ్చనిది ఒకటి, ఎక్కడిదాకా చూశారు. టాప్ టెన్‌లు వద్దు, జాబితా చదవడానికే టైము చాలదు. పొడుగు సిరీస్ అయితే మొత్తం కాకుండా ఒక ఆర్క్ పేరు రాయమను. చీటీలు కలిపి చూస్తే స్పాయిలర్ ఎవరికి తగులుతుందో నీకు తెలుస్తుంది. వాళ్లని ముందే అడుగు, వింటారా, ఆ పది నిమిషాలూ బయటికి వెళ్తారా అని. ముందు నచ్చినవే నడిపించు. ఎవరి ప్రాణం దేంట్లో ఉందో అందరికీ తెలిశాక, నచ్చనివాటి దగ్గర నోళ్లు వాటంతటవే కాస్త అదుపులోకి వస్తాయి. తిరగేసి పెట్టావో, మొదటి అరగంటలోనే ఎవరో ఒకరు అలుగుతారు. మనిషికి చెప్పడానికి మూడు నిమిషాలు, ప్రశ్నలకు నాలుగు. ఆరుగురికి రెండు విడతలంటే 84 నిమిషాలు, ఆరు నిమిషాలు మిగులు. క్లిప్ చూపిస్తే నిమిషం దాటొద్దు. వెతుక్కునే టైము కూడా వాళ్ల మూడు నిమిషాల్లోదే.

ఎవరి చీటీలోనైనా ఎవాంజెలియన్ ఉంటే దాన్ని ఆఖరికి తోసెయ్యి. 1996లో ముగిసిన టీవీ సిరీస్‌లో 25, 26 ఎపిసోడ్లు ఒక ముగింపు, 1997 సినిమా ఒక ముగింపు, 2007 నుంచి 2021 దాకా వచ్చిన నాలుగు సినిమాలది ఇంకో ముగింపు. ముందు ఎత్తుకుంటే మిగతా అయిదుగురి చీటీలూ నీ చేతిలోనే ఉండిపోతాయి.

ఇట్లు,
మామయ్య