కాంతిని మింగేదానికి లేజర్‌లో ఏం పని?

ప్రశ్న: క్వాంటం డాట్లు (నానోమీటర్ల పరిమాణంలోని సెమీకండక్టర్ నలుసులు) టీవీ తెరలకు రంగులిస్తాయని చదివాను. అతి స్వల్పకాలపు కాంతి మెరుపులిచ్చే అతివేగ లేజర్లలో మాత్రం వాటిని కాంతిని పీల్చుకోవడానికి పెడతారని మా అధ్యాపకులు చెప్పారు. లేజర్‌లో కాంతి పెరగాలి కదా, పీల్చే పదార్థం పెడితే నష్టం కాదా?
- ఎమ్మెస్సీ భౌతికశాస్త్ర విద్యార్థిని

జవాబు: నష్టమేనమ్మా. కావాలని పెట్టుకునే నష్టం. అయితే అది బలహీనమైన కాంతికి ఎక్కువగా, బలమైన కాంతికి తక్కువగా ఉండాలి. కాంతి తీవ్రతను బట్టి పదార్థం తన తీరు మార్చుకోవడాన్నే అరేఖీయ ధర్మం అంటాం.

లేజర్ అద్దాల మధ్య తిరిగే కాంతిలో మొదట అన్నీ చిన్నచిన్న ఎగుడుదిగుళ్లే. శోషకం, అంటే కాంతిని పీల్చే ఆ పదార్థం, పల్లాలను మింగి, మెరకను పోనిస్తుంది. చుట్టు చుట్టుకీ ఇదే జరిగితే చివరకు ఒకే ఒక్క పల్స్, అంటే పొట్టి కాంతి మెరుపు, మిగులుతుంది. అద్దాల మధ్య మీటరున్నర దూరముంటే అది చుట్టు తిరిగిన ప్రతిసారీ కొంత బయటికి జారి, అలాంటివి సెకనుకు 10 కోట్లు బయటికొస్తాయి. సంకేతాలను గీతగా చూపే ఆసిల్లోస్కోపు తెర మీద మసకగా పాకుతున్న గీత ఉన్నట్టుండి వరుస ముళ్లుగా నిలబడటం ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టలేదు. 1992లో భౌతిక శాస్త్రవేత్త ఉర్సులా కెల్లర్ బృందం ఈ శోషకాన్ని అద్దంలోనే అమర్చి ఘన లేజర్లకు కొత్త దారి చూపింది. అది క్వాంటం డాట్ కాదు, పలుచని సెమీకండక్టర్ పొర. డాట్లు తరువాత వచ్చాయి.

డాట్ల గొప్పతనమేమిటంటే, ఒక్కోదానిలో ఎలక్ట్రాన్లకున్న అట్టడుగు స్థాయి రెండే కుర్చీలున్న గది. రెండూ నిండాయంటే అదే రంగు కాంతి ఇంకా వచ్చినా మింగే చోటు లేదు, కాబట్టి కాంతి దాటిపోతుంది. అందుకే కొద్దిపాటి శక్తికే శోషణ సంతృప్తమవుతుంది. తరువాతి పల్స్ వచ్చేలోగా గది ఖాళీ కావాలి. చిన్న పల్స్‌లు కావాలంటే అంతకన్నా చాలా ముందే, పికోసెకన్లలోనే (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు) కావాలి. చిప్ రూపంలోని లేజర్లలో శోషక భాగానికి వ్యతిరేక వోల్టేజీ ఇచ్చి ఎలక్ట్రాన్లను బయటికి లాగేస్తారు.

ఇక నాకు బాగా నచ్చిన సంగతి. గాలియం ఆర్సెనైడ్ మీద ఇండియం ఆర్సెనైడ్ పేర్చితే రెండింటి పరమాణువుల మధ్య దూరాలు సుమారు 7 శాతం తేడాగా ఉంటాయి. ఆ ఒత్తిడికి పొర ముడతపడి దానంతటదే డాట్లుగా గుంపుకడుతుంది. ఏ రెండూ సరిగ్గా ఒకే పరిమాణంలో ఉండవు. టీవీ తయారీదారుకు ఇది తలనొప్పి, ఎందుకంటే రంగు స్వచ్ఛత పోతుంది. మాకు మాత్రం వరం. ఒక్కో పరిమాణం ఒక్కో తరంగదైర్ఘ్యానికి స్పందిస్తుంది కాబట్టి వర్ణపటం విశాలమవుతుంది. పల్స్ ఎంత చిన్నదైతే దానికి అంత వెడల్పయిన వర్ణపటం కావాలి. 1.3 మైక్రోమీటర్ల దగ్గర 100 ఫెమ్టోసెకన్ల (ఫెమ్టోసెకను అంటే పికోసెకనులో వెయ్యో వంతు) పల్స్‌కు కనీసం 25 నానోమీటర్లు పడుతుంది.

చిక్కు లేకపోలేదు. ఒక పొరలోని డాట్లు మింగే కాంతి చాలా స్వల్పం, అందుకే ఎన్నో పొరలు పేరుస్తారు. తీవ్రత మరీ పెరిగితే రెండు ఫోటాన్లను ఒకేసారి మింగే శోషణ మొదలై నష్టం మళ్లీ పెరుగుతుంది. బలమైన కాంతి ఎప్పుడూ సులువుగా దాటుతుందని పరీక్షలో రాయకండి.

ప్రశ్న: 2023లో రసాయన నోబెల్ క్వాంటం డాట్లకు, భౌతిక నోబెల్ అట్టోసెకన్ (ఫెమ్టోసెకనులో వెయ్యో వంతు) పల్స్‌లకు వచ్చింది. రెండూ ఒకే పరిశోధనకు చెందినవా?
- ఒక పాఠకుడు

జవాబు: కాదు. మొదటిది బావెండి, బ్రూస్, ఎకిమోవ్‌లది. రెండోది అగోస్తిని, క్రౌస్, లూయిలియేలది. అట్టోసెకన్ పల్స్‌లు తీవ్రమైన లేజర్ కాంతిని వాయువు మీద పడేస్తే పుడతాయి. అందుకు ఎక్కువగా వాడిన టైటానియం-సఫైర్ లేజర్‌లో చిన్న పల్స్‌ను తయారుచేసేది స్ఫటికంలోని కెర్ ప్రభావమే, అంటే తీవ్రతను బట్టి స్ఫటికం కాంతిని వంచే తీరు మారడమే. మొదలు పెట్టడానికి అద్దాన్ని వేలితో తట్టేవాళ్లం. అక్కడ డాట్లకు పాత్ర లేదు.